ఎద్దులు లేని ఊళ్లో ‘హెవీ హార్సెస్’

‘హెవీ హార్సెస్’ పాటల పెట్టె కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను: కొనండి. ఇందులో ఐదు డిస్కులు, ఒక పుస్తకం ఉన్నాయని కాదు. మొదటి డిస్కులో ఎనిమిదో పాట ఉందని. దాదాపు తొమ్మిది నిమిషాలు సాగే ఆ పాటను నేను 1981 నుంచి వింటున్నాను. క్యాసెట్ తెగేదాకా విన్నాను. తెగిన చోట అతికించుకుని మళ్లీ విన్నాను. అతికించడానికి కూడా వీలు లేకుండా పోయాక, పాట మొత్తాన్ని మనసులోనే మొదటి నుంచి చివరిదాకా నడిపించుకునేదాన్ని.

జెత్రో టల్ అనే బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగాటి, మెలికల కూర్పులతో సాగే రాక్) బృందం 1978 ఏప్రిల్‌లో ‘హెవీ హార్సెస్’ ఆల్బమ్ విడుదల చేసింది. దానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 2018లో వచ్చిన కొత్త కూర్పు ఇది. పేరు ‘న్యూ షూస్ ఎడిషన్’. పాత గుర్రాలకు కొత్త నాడాలు కొట్టించారన్నమాట. రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి నల్లగొండకు పార్శిల్ పంపింది. ధర అడిగితే “నీకెందుకమ్మా” అంది. దారిలో ఎక్కడో ఒక మూల నలిగింది, పుస్తకం పుటలు కొన్ని వంగాయి. డిస్కులకు మాత్రం గీత పడలేదు.

నేను సంగీతం చదువుకున్న మనిషిని కాను. దేవరకొండ వైపు చల్క నేలల్లో పుట్టి, వ్యవసాయ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి 2020లో పదవీ విరమణ చేశాను. దుక్కి అంటే ఏమిటో, విత్తు అంటే ఏమిటో తెలుసు. ఈ ఆల్బమ్ గురించి రాయడానికి ఆ అర్హత చాలునని నా గట్టి నమ్మకం.

రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలలో మాకు దుక్కి పాఠం జెత్రో టల్ పేరుతోనే మొదలైంది. ఈ టల్ పాటగాడు కాదు, రైతు. 1674లో ఇంగ్లండులోని బర్క్‌షైర్‌లో పుట్టాడు, 1741లో పోయాడు. న్యాయశాస్త్రం చదివి సేద్యంలోకి వచ్చాడు. 1701లో గుర్రం లాగే విత్తన యంత్రాన్ని తయారు చేశాడు. అది ఒకేసారి మూడు వరుసల్లో విత్తనం వేసేది. గుర్రపు గుంటకతో చేసే అంతరసేద్యం గురించి 1731లో పుస్తకం వెలువరించాడు. మన సస్యశాస్త్ర పుస్తకాలు ఆయనను దుక్కి పితామహుడు అంటాయి. మట్టిని ఎంత మెత్తగా పొడి చేస్తే మొక్క వేళ్లు ఆ రేణువులను అంత బాగా తింటాయని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం తప్పు. మొక్క మట్టిని తినదు. అయినా వరుసల్లో విత్తడం, వరుసల మధ్య కలుపు తీయడం, విత్తనం వృథా కాకుండా చూడడం, ఈ మూడూ సరైనవే. కారణం తప్పయినా చేత సరైనది కావడం సేద్యంలో అరుదేమీ కాదు. మా ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే కార్తెల లెక్కల్లో కూడా అలాంటివి చాలా చూశాను.

ఆ ఏడాదే హాస్టల్లో, సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఒక సహాధ్యాయిని పెట్టెలో క్యాసెట్ మీద అదే పేరు కనిపించింది. సేద్యం మీద ఉపన్యాసమేమో అనుకుని అడిగి తీసుకున్నాను. అట్ట మీద ఒక గడ్డపు మనిషి రెండు భారీ గుర్రాలను నడిపించుకుంటూ వస్తున్నాడు. పొద్దు వాలాక మా బాపు ఎడ్లను పలుపు పట్టి ఇంటికి తోలుకొచ్చేటప్పుడు సరిగ్గా అలాగే ఉండేవాడు. ఆ బొమ్మ చూసే ఆ క్యాసెట్‌ను నేను తిరిగి ఇవ్వలేదు. ఇవ్వమని ఆమె కూడా అడగలేదు.

రైతు పేరు పాటల బృందానికి ఎలా వచ్చిందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1967 చివర్లో కూడిన ఈ కుర్రవాళ్లు లండన్ క్లబ్బుల్లో వాయించేవారు. ఒకసారి వాయించిన చోట మళ్లీ పిలుపు రాకపోతే, పేరు మార్చుకుని కొత్త బృందంలా వెళ్లేవారు. చరిత్ర మీద ఇష్టం ఉన్న ఒక ఏజెంటు ‘జెత్రో టల్’ అని పెట్టిన రోజుల్లో మార్కీ క్లబ్బు వాళ్లు మళ్లీ రమ్మన్నారు. దాంతో ఆ పేరు నిలిచిపోయింది. 1968లో వచ్చిన మొదటి సింగిల్ మీద అది కూడా ‘జెత్రో టో’ అని తప్పుగా అచ్చయింది.

అంటే ఆ పేరు యాదృచ్ఛికంగా వచ్చిందే. కానీ దాని వెనుక ఉన్న ఒక సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. టల్‌కు విత్తన యంత్రం ఆలోచన చర్చిలో మోగే ఆర్గన్ నుంచి వచ్చింది. గాలిని ఏ గొట్టంలోకి ఎప్పుడు వదలాలో చూసుకునే భాగం ఆర్గన్ లోపల ఉంటుంది. గాడి, నాలుక, స్ప్రింగు కలిసిన ఆ అమరికను చూసి, గాలి బదులు గింజను వదిలితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. వాద్యంలో నుంచి గొర్రు పుట్టింది. రెండు వందల అరవై ఏళ్లు గడిచాక ఆ గొర్రు చేసినవాడి పేరు వాద్యాల బృందానికి వచ్చింది. ఆ బృందంలోనే డేవిడ్ పామర్ (తర్వాత స్త్రీగా మారి డీ పామర్ అయింది) ఒడిలో పట్టేంత చిన్న పైపు ఆర్గన్ వాయించేది. ఆ గొట్టాల మోత వినిపించినప్పుడల్లా నాకు గింజలు జారుతున్న చప్పుడు వినిపిస్తుంది.

ఆ చప్పుడు నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. మా అమ్మ జడ్డిగం పట్టేది. తెలియని పిల్లల కోసం చెబుతాను. గొర్రు పైన చెక్కతో చేసిన గిన్నె ఉంటుంది, దానికి అడుగున రంధ్రాలుంటాయి. అదే జడ్డిగం. రంధ్రాల నుంచి వెదురు గొట్టాలు గొర్రు పళ్ల దాకా దిగుతాయి. బాపు ఎడ్లను తోలుతూ ముందుకు పోతుంటే, అమ్మ ఒడిలోని జొన్నలను పిడికిట్లోకి తీసుకుని, వేళ్ల సందుల నుంచి జడ్డిగంలోకి సమంగా వదులుతూ నడిచేది. పిడికిలి బిగిస్తే సాలులో మొలక పలచబడుతుంది, వదులు చేస్తే ఒక్కచోటే పొదలా మొలుస్తుంది. ఎడ్ల నడకకూ పిడికిలికీ లయ కలవాలి. టల్ యంత్రం ఏ పని చేసిందో ఆ పని మా అమ్మ చేయి చేసింది. ఇది ఇక్కడ టల్ కంటే ముందునుంచీ ఉన్న పనే. థామస్ హాల్కాట్ అనే ఆంగ్ల సైనికాధికారి 1790ల్లో దక్షిణ దేశంలో గొర్రు పనిచేయడం చూసి, అంతవరకూ దీన్ని ఐరోపావాళ్లు కొత్తగా కనిపెట్టిన పరికరం అనుకున్నానని రాసుకున్నాడు. ఆ మాట మొదటిసారి చదివిన రోజు అమ్మకు ఫోను చేసి చదివి వినిపించాను. “చూడక మునుపు ఎవరికైనా ఏం తెలుస్తుంది బిడ్డా” అంది.

ఇక బృందం సంగతి. ఇయన్ ఆండర్సన్ 1947లో స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు. మొదట గిటారు వాయించేవాడు. ఎరిక్ క్లాప్టన్ స్థాయికి తాను ఎన్నటికీ చేరలేనని అర్థమై, గిటారు ఇచ్చేసి వేణువు తీసుకున్నాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొన్ని నెలల్లోనే వేదికెక్కాడు. ఒంటికాలి మీద నిలబడి ఊదే ఆ భంగిమ అతని గుర్తు అయిపోయింది. రాక్ సంగీతంలో వేణువును పక్కవాద్యంగా కాక, బండి లాగే జోడెడ్లలో ఒకదానిలా కట్టినవాడు అతనే. అతను ఊదేటప్పుడు స్వరం ఒక్కటే రాదు. ఊపిరి, గొణుగుడు, ఉమ్మి, కోపం అన్నీ కలిసి వస్తాయి. మన పిల్లనగ్రోవి మెత్తదనం కోసం వెతికితే దొరకదు. 1990ల్లో కూతురు వేణువు నేర్చుకుంటుంటే చూసి, ఇన్నేళ్లుగా తన వేళ్లు తప్పుగా పడుతున్నాయని తెలుసుకుని, మొదటి నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. అప్పటికి అతనికి పేరు, డబ్బు అన్నీ ఉన్నాయి. ఎవరూ తప్పు పట్టలేదు. అయినా నేర్చుకున్నాడు. నాకు అతనిపై ఉన్న గౌరవంలో సగం దీని వల్లే.

మొదటి ఆల్బమ్ 1968లో వచ్చింది. ఆ ఏడాది చివర్లో గిటారిస్టు మిక్ ఏబ్రహమ్స్ వెళ్లిపోయి మార్టిన్ బార్ వచ్చాడు, 2011 దాకా ఉన్నాడు. 1969 నాటి ‘స్టాండ్ అప్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1971లో ‘అక్వాలంగ్’ వచ్చింది. 1972లో వచ్చిన ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ ఆల్బమంతా ఒకే పాట. రికార్డు రెండు వైపులా కలిపి నలభై నిమిషాలకు పైగా సాగుతుంది, అట్ట ఒక ఊరి వార్తాపత్రికలా మడత విప్పుకుంటుంది. అది, 1973 నాటి ‘ఎ ప్యాషన్ ప్లే’ రెండూ అమెరికాలో మొదటి స్థానం అందుకున్నాయి. రెండోదాన్ని విమర్శకులు చీల్చి చెండాడారు. నేను కూడా దాన్ని మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను. చిక్కుముడి మీద చిక్కుముడి వేసి, విప్పే పని వినేవాళ్లకు వదిలేసినట్టుంటుంది.

చాలామంది అభిమానులు 1972తో ఈ బృందం గొప్పతనం శిఖరానికి చేరిందంటారు. నేను ఒప్పుకోను. ఆండర్సన్ పట్టణం వదిలి పల్లెకు మారాక, 1977లో ‘సాంగ్స్ ఫ్రమ్ ద వుడ్’, 1978లో ‘హెవీ హార్సెస్’, 1979లో ‘స్టార్మ్‌వాచ్’ వచ్చాయి. బృందానికి అసలు నేల అప్పుడు దొరికింది. లండన్‌లో కుర్రవాళ్లు మూడు స్వరాలతో పంక్ పాటలు కేకలు పెడుతున్న సంవత్సరాలవి. ఆ సమయంలో గుర్రాలు, చిట్టెలుకలు, గాలికోడి (గాలి దిక్కు చూపే కోడి బొమ్మ) గురించి ఇంత శ్రద్ధగా పాటలు కట్టడానికి చాలా ధైర్యం కావాలి. కొన్నేళ్ల తర్వాత అతను స్కై దీవిలో సాల్మన్ చేపల పెంపకం కూడా పెట్టాడు. కిటికీలోంచి పల్లెను చూసి రాసిన పాటలు కావని అప్పుడు నాకు రుజువైంది.

పెట్టెలో ఏముందో చెప్పాలి కదా. మూడు సీడీలు, రెండు డీవీడీలు, 96 పుటల పుస్తకం. మొదటి సీడీలో అసలు ఆల్బమ్‌లోని తొమ్మిది పాటలను స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడు తిరిగి మిక్స్ చేశాడు, అంటే విడివిడిగా రికార్డయిన వాద్యాలను కొత్తగా కలిపాడు. వాటి వెనుక, ఆ రోజుల్లో రికార్డు చేసి పక్కన పెట్టిన పాటలు కొన్ని ఉన్నాయి. రెండో, మూడో సీడీలు 1978 మేలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో జరిగిన కచేరీ. డీవీడీలు గది చుట్టూ స్పీకర్లు పెట్టుకున్నవాళ్ల కోసం. నా దగ్గర అవి లేవు కాబట్టి వాటి జోలికి పోను. పుస్తకంలో ఆండర్సన్ ఒక్కో పాట గురించి రాసిన మాటలు విలువైనవి. కానీ అక్షరాలు మరీ చిన్నవి. ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు విన్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటింది. వాళ్లు కొనే పుస్తకాన్ని వాళ్ల కళ్లకు అందేలా అచ్చు వేయాలి. నేను భూతద్దంతో చదివాను.

వినడానికి నా పాత సీడీ ప్లేయర్ సిద్ధంగా లేదు. ట్రే బయటికి రావడం మానేసి ఆరేళ్లయింది. గడియారం సెంటర్ దగ్గర రేడియోలు బాగుచేసే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాను. రబ్బరు బెల్టు సాగిపోయిందని చెప్పి, కొత్తది వేసి, లెన్సు తుడిచి, సాయంత్రానికి ఇచ్చాడు. పరీక్షించడానికి నా డిస్కే పెట్టాం. మొదటి పాట పొలం కాడి పిల్లి గురించి, ఎలుకల మీద రాత్రంతా కాపలా కాసే పోలీసు గురించి. అతను కాసేపు విని, “అక్కా, ఈ పిల్లనగ్రోవి మనిషి చాలా తొందరలో ఉన్నాడే” అన్నాడు. నిజమే. పిల్లి దూకే వేగం అది.

పాత క్యాసెట్‌లో అన్నీ ఒక్క ముద్దగా వినిపించేవి. ఈ కొత్త మిక్స్‌లో జాన్ ఎవాన్ పియానో ఒకవైపు, పామర్ వాద్యాలు మరోవైపు విడివిడిగా నిలబడ్డాయి. బారీమోర్ బార్లో డ్రమ్ములు దగ్గరికొచ్చాయి. కొత్త పాలిష్ పెట్టి పాత రంగు పోగొట్టలేదు, మట్టి దులిపారంతే. ‘ఏకర్స్ వైల్డ్’లో డారిల్ వే వయొలిన్ గాలికి వంగే జొన్నచేనులా ఉంది. ‘మాత్స్’ దీపం చుట్టూ తిరిగే పురుగుల పాట, మెత్తనిది. ‘వన్ బ్రౌన్ మౌస్’కు స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ ప్రేరణ. నాగలి సాలులో చెదిరిన ఎలుక గూటిని చూసి, దున్నుతున్నవాడే ఎలుకకు క్షమాపణ చెప్పుకున్న కవిత ఆయనది. నాకు నచ్చనిది ‘నో లల్లబై’ ఒక్కటే. దాదాపు ఎనిమిది నిమిషాలు పిల్లవాణ్ని భయపెడుతుంది. బరువు ఉంది కానీ కదలిక లేదు. బెర్న్ కచేరీలో కూడా దాన్ని దాటించి ముందుకు పోయాను.

ఇక ఎనిమిదో పాట, ఆల్బమ్ పేరు పెట్టుకున్న పాట.

ఆల్బమ్‌ను బ్రిటన్ నేలపై పనిచేసిన గుర్రాలకు అంకితం ఇచ్చారు. పాటలో జాతుల పేర్లు వరసగా వస్తాయి: సఫోక్, క్లైడ్స్‌డేల్, పెర్షెరాన్, షైర్. వీటిలో పెర్షెరాన్ ఫ్రాన్స్ జాతి. అంకితంతో పొసగదని వ్యవసాయం చదివిన నా బుర్ర ప్రతిసారీ గుర్తు చేస్తుంది. ట్రాక్టర్ వచ్చేసింది, పని పోయింది, మిగిలినవి కొన్నే అని పాట చెబుతుంది. ఆ గుర్రాల ఎత్తు పద్దెనిమిది చేతులంటుంది. వాళ్ల లెక్కలో ఒక చేయి నాలుగు అంగుళాలు, అంటే భుజం దగ్గరే ఆరడుగులు. వంశం ఆగిపోకుండా నీకొక ఆడగుర్రాన్ని వెతికి తెస్తానని, ఎగతాళి చేసే కళ్లకు కనిపించకుండా అడవి వెనుక దాచుకుంటానని గుర్రానికి మాట ఇస్తాడు. చమురు అయిపోయిన రోజున మనుషులు మళ్లీ నీ బలం కోసమే వస్తారంటాడు. పశువుతో మనిషి ఇలా మాట్లాడడం నాకు కవిత్వంలా అనిపించదు. మా ఇంట్లో రోజూ వినిపించిన మాటలే ఇవి.

మా బాపు ఎడ్లను కురుమూర్తి జాతర సంతలో కొన్నాడు. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలున్న నల్లమల ఎడ్లు, అమ్రాబాద్ వైపు పెంచే పొడ తూర్పు జాతి. ఈ మధ్య ఆ జాతికి దేశీయ పశుజాతిగా అధికారికంగా గుర్తింపు కూడా వచ్చింది. రాళ్ల చల్కల్లో వాటికి ఎదురులేదు. 1994లో బాపు ఆ జతను అమ్మేశాడు. ఆముదం, జొన్న పోయి పత్తి వచ్చింది, ట్రాక్టర్ గంటల లెక్కన దొరుకుతోంది, మేత దొరకడం లేదు. శాఖ ఉద్యోగిగా ఆ ట్రాక్టర్ల రుణాల కాగితాల మీద సంతకాలు చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ నిర్ణయాలు తప్పని ఇప్పటికీ అనను. జూన్‌లో పడిన ఒక్క వాన పదును ఆరేలోగా ఎకరాలకు ఎకరాలు విత్తాలంటే ఎడ్లతో కాదు. ఎడ్లను కొన్నవాళ్లు తోలుకుపోతుంటే బాపు ఇంటి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. కొట్టంలో గాడి ఇప్పటికీ ఉంది. ఈ రోజు మా ఊళ్లో ఒక్క అరక కూడా లేదు. ఈ పాట వింటున్నప్పుడు నాకు సంతకం చేసిన చేయీ గుర్తొస్తుంది, పలుపు పట్టిన చేయీ గుర్తొస్తుంది. రెండింటినీ ఒకేసారి గుర్తుచేసిన పాట మరొకటి నాకు ఎదురుపడలేదు.

ప్లేయర్ బాగయ్యాక దాన్ని ఊరికి తీసుకెళ్లాను. బాపు లేడు. చిన్నాయన ఉన్నాడు, ఎనభై నాలుగేళ్లు, చూపు తగ్గింది, చెవులు మాత్రం చురుకు. అరుగు మీద పెట్టి ఎనిమిదో పాట వేశాను. మాట అర్థం కాదు కాబట్టి నేనేమీ వివరించలేదు, గుర్రాల పాట అని మాత్రం చెప్పాను. పియానోతో మెల్లగా మొదలై, అన్ని వాద్యాలూ కలిసి అడుగులో అడుగు వేసి లాగే భాగం వచ్చింది. చిన్నాయన మోకాలి మీద చేత్తో తట్టడం మొదలుపెట్టాడు. నడుమ ఒకచోట పాట ఉన్నట్టుండి వేగం అందుకుంటుంది, వయొలిన్ పరుగు తీస్తుంది. అక్కడ ఆయన తల పైకెత్తాడు.

“బండి దింపేశారు బిడ్డా. ఇంటి ముఖం పట్టాయి.”

నలభై ఏళ్లు విన్న నాకు ఇది తట్టలేదు. ఎద్దయినా గుర్రమైనా బరువు దిగి ఇంటివైపు తిరిగితే అదిలించకుండానే అడుగు పెంచుతుంది. ఎడ్లతో బతికిన ఎవరికైనా తెలిసిన సంగతి. ఆ వేగం తర్వాత పాట మళ్లీ పాత బరువులోకి వస్తుంది. “మళ్లీ కట్టారు,” అన్నాడు చిన్నాయన. తెల్లవారిందన్నమాట.

బెర్న్ కచేరీ గురించి ఒక మాట. ఆ రాత్రి బేస్ గిటారు వాయించిన జాన్ గ్లాస్కాక్ ఏడాదిన్నర తర్వాత, 1979 నవంబరులో, గుండె జబ్బుతో పోయాడు. వయసు 28. పక్కకు జరిగి అందరికీ దారి ఇచ్చే వాయింపు అతనిది. ఇప్పుడు వింటుంటే నా చెవి దాన్నే వెతుక్కుంటుంది. 1980 ఆల్బమ్ నాటికి బార్లో, ఎవాన్, పామర్ కూడా లేరు. కాబట్టి ఈ ఆరుగురు కలిసి వాయించిన రాత్రుల్లో మిగిలినవాటిలో ఇదొకటని తెలిసి వినండి. ఆండర్సన్ ప్రేక్షకులతో ఆడే మాటలు ఎక్కువే అయినా, బార్ గిటారు స్టూడియోలో కంటే ఇక్కడ పదునుగా ఉంది.

ఆ తర్వాతి బృందానికి నేను అంత దగ్గర కాలేకపోయాను. 1987 నాటి ‘క్రెస్ట్ ఆఫ్ ఎ నేవ్’కు 1989లో హార్డ్ రాక్, మెటల్ విభాగంలో గ్రామీ వచ్చింది. గెలుస్తుందని అందరూ అనుకున్న మెటాలికా అనే మెటల్ బృందానికి రాలేదు. వీళ్లు ఆ సభకే వెళ్లలేదు. వేణువు ఊదే బృందానికి మెటల్ బహుమతి ఏమిటని చాలామంది మండిపడ్డారు. ఏ గాటనా కట్టలేని బృందానికి అలాంటి బహుమతే వస్తుంది. 2015లో ఆండర్సన్ అసలు రైతు జెత్రో టల్ జీవితాన్నే ఈ కాలపు విత్తన పరిశోధనలకు ముడిపెట్టి రంగస్థలం మీద ఒపేరాగా చూపించాడు. యాదృచ్ఛికంగా వచ్చిన పేరుకు అలా బాకీ తీర్చాడు. ఊపిరితిత్తుల జబ్బు ఉందని 2020లో బయటపెట్టి, ఆ తర్వాత కూడా 2022లో, 2023లో, 2025లో కొత్త ఆల్బమ్‌లు ఇచ్చాడు. ఊపిరే పనిముట్టయినవాడు ఊపిరి తగ్గాక కూడా పని ఆపలేదు. వాటిలో వేణువు మునుపటిలా ఉరకదు, అడుగు చూసుకుని నడుస్తుంది. నాకు అదీ నచ్చింది.

మా అమ్మాయి పోయిన వేసవిలో రెడింగ్‌కు దగ్గర్లోనే ఉన్న లోయర్ బాసిల్డన్ చర్చికి వెళ్లింది. రైతు టల్ సమాధి అక్కడే ఉంది. ఫొటో తీసి పంపింది. చుట్టూ గడ్డి, ఒక రాయి, అంతే. “అమ్మా, మీ పాఠ్యపుస్తకం ఇక్కడ పడుకుని ఉంది” అని రాసింది. ఆ ఫొటోను అచ్చు వేయించి పెట్టె లోపలి అట్టకు అంటించాను. నలిగిన మూల కూడా దాంతో కాస్త గట్టిపడింది.

కొనేవాళ్లకు: ప్రోగ్రెసివ్ రాక్ ఎప్పుడూ విననివాళ్లు ఐదు డిస్కుల పెట్టెతో మొదలుపెట్టకండి, మామూలు ఒక్క సీడీ చాలు. ఇప్పటికే ఈ పాటలతో పెరిగినవాళ్లు మాత్రం ఈ పెట్టె తెప్పించుకోండి, కొత్త మిక్స్ కోసం, బెర్న్ రాత్రి కోసం. భూతద్దం దగ్గర పెట్టుకోండి. ఎనిమిదో పాటను ఇయర్‌ఫోన్లలో కాకుండా ఆరుబయట, మోకాలి మీద తట్టడానికి చేతులు ఖాళీగా ఉన్నప్పుడు వినండి. ఇంట్లో ఎడ్లు తోలిన పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ప్లేయర్ ఇప్పుడు చిన్నాయన దగ్గరే ఉంది. ఆదివారం వెళ్లినప్పుడు తొమ్మిదో పాట, గాలికోడిని వాతావరణం అడిగే పాట, వినిపిస్తానని చెప్పి వచ్చాను. మృగశిర ఇంకా ప్రవేశించలేదు. ఆయన దానికి ఏమంటాడో వినాలి.